ఫోటోలో పడ్డ సిగ్గు

స్టూడియోకి బయల్దేరే ముందు నేను రెండోసారి స్నానం చేశాను. పొద్దున చేసిందే. కానీ వంటయ్యాక, గిన్నెలు తోమాక, మంచం దిగలేని అత్తగారికి ఒళ్లు తుడిచి పక్క మార్చాక, భుజం వైపు మొహం తిప్పి ఓసారి వాసన చూసుకుని, లాభం లేదనుకుని మళ్లీ స్నానాల గదిలోకి దూరాను. మా ఆయన తలుపు దబదబా బాది, "పెళ్లి నీకా, దానికా? ట్యాంకు ఖాళీ అయ్యేదాకా వదలవా ఏంటి?" అన్నాడు. హాల్లోంచి మా అమ్మాయి, "అమ్మ సంగతి తెలిసిందేగా నాన్నా, శుభ్రం పిచ్చి" అని నవ్వింది. మా ఇంట్లో ఇదో అరిగిపోయిన జోకు. చుట్టాలొచ్చినా ముందు దీన్నే బయటికి తీస్తారు. నేనూ వాళ్లతో పాటు నవ్వేస్తాను. శుభ్రం పిచ్చి అన్న పేరు నాకు బాగానే కలిసొచ్చింది. పిచ్చి అని పేరు పెట్టేశాక అదెందుకు పట్టిందని ఎవరూ అడగరు కదా.

ఆ రోజు పని, మా అమ్మాయి పెళ్లికి ఎలాంటి ఫోటోలు తీయించాలో తేల్చుకోవడం. హాలు తేలిగ్గానే దొరికింది, పిలుపులూ తేలిగ్గానే అయ్యాయి, ఫోటోల దగ్గర మాత్రం పేచీ వచ్చి కూర్చుంది. అందర్నీ వరసగా నిలబెట్టి, గడ్డాలు పైకెత్తించి తీసేవే ఫోటోలంటుంది వియ్యపురాలు. మా అమ్మాయికీ, కాబోయే అల్లుడికీ క్యాండిడ్ కావాలి. అంటే మనకి తెలియకుండా, మన మానాన మనం ఉన్నప్పుడు తీసేవి. ఆ మాట వియ్యపురాలి నోట్లో పడి 'క్యాండీ' అయిపోయింది. "ఆ క్యాండీ ఫోటోల్లో సగం మంది నములుతూ ఉంటారు, సగం మంది ముక్కు గోక్కుంటూ ఉంటారు. రేపు మనవలకి చూపించుకునే వస్తువులా అవి?" అని ఆవిడ గోల. మా ఆయన పిల్లల పక్షం. నాది ఏ పక్షమని ఎవరూ అడగలేదు, నాకూ అప్పటికి పక్షమంటూ లేదు. ఎప్పట్లాగే సంచి మోయడానికీ, అందరి మాటకీ తలూపడానికీ వెంట వెళ్లాను.

స్టూడియో మేడ మీద ఉంది. ఫోటోగ్రాఫర్ జుట్టంతా వెనక్కి లాగి రబ్బరు బ్యాండు పెట్టుకున్న మనిషి, మాటకారి. మా బావగారి కూతురి పెళ్లికి ఫోటోలు తీసింది అతనే, ఆ పరిచయం మీదే వచ్చాం. మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, వియ్యపురాలి బాధంతా ఓపిగ్గా విని, "అమ్మగారూ, పోజు ఫోటో అంటే మనిషి తన మొహాన్ని సర్దుకుని మనకిస్తాడు. క్యాండిడ్ అంటే ఇచ్చేదాకా ఆగం, లాక్కుంటాం. అందుకే అందులో అబద్ధం ఉండదు" అన్నాడు.

నాకు లోపల నవ్వొచ్చింది. నేనూ లాక్కునే పనిలోనే ఉన్నాను మరి. రక్త పరీక్షలు చేసే ల్యాబులో రోజంతా సూది గుచ్చి మనుషుల రక్తం తీస్తాను. సూది దిగేటప్పుడు నవ్వేవాళ్లుంటారు. "అబ్బే, ఏం నొప్పి లేదు మేడమ్" అంటూ నవ్వుతారు, రెండో చేత్తో కుర్చీ పిడిని నలిపేస్తూ. సరిగ్గా అప్పుడు ఎవరైనా మొహం వరకే ఫోటో తీస్తే, ఆ మనిషికి మేమేదో శుభవార్త చెప్పామనుకుంటారు. ఇదంతా పైకి అనలేదు. అంటే మా ఆయన, "మొదలుపెట్టావా నీ సూదుల పురాణం" అంటాడు.

ఫోటోగ్రాఫర్ పెద్ద ఆల్బమ్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది మా క్యాండిడ్ శాంపిల్. ఇందులో మొదటి ఫోటో చూసి కూడా వద్దంటే నేనిక మాట్లాడను" అని అట్ట తెరిచాడు.

అందులో నేనున్నాను.

మా బావగారి కూతురి పెళ్లిలో తీసింది. మా ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. నా వైపు వంగి చెవిలో ఏదో చెబుతున్నాడు. నేను కళ్లు దించుకుని, పెదవి చివర చిన్నగా నవ్వుతున్నాను. వెనకాల హాలు దీపాలన్నీ మసకమసగ్గా కరిగిపోయి ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. అంత బాగా నేను నా జన్మలో ఏ ఫోటోలోనూ లేను. చూడగానే నా చెవులు వేడెక్కిపోయాయి, అరచేతులు తడిసిపోయాయి.

"అమ్మా! ఇది నువ్వే! నాన్నా, చూడు, మీరిద్దరూ!" మా అమ్మాయి కేక పెట్టినంత పని చేసింది.

"అబ్బో అబ్బో, వదినగారూ!" వియ్యపురాలు కళ్లజోడు సవరించుకుంది. "ఏం సిగ్గండీ బాబూ! ఆ పెళ్లికూతురు కూడా ఇంత సిగ్గుపడి ఉండదు."

ఫోటోగ్రాఫర్ అప్పుడు నా మొహం వైపు చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీరేనా మేడమ్! ఎన్నాళ్లుగానో ఈవిడెవరా అనుకుంటున్నాను. పెళ్లివాళ్లు ఆల్బమ్‌కి ఏరుకున్నవాటిలో ఇది లేదు, నాకు పారెయ్యబుద్ధి కాక ఉంచుకున్నాను. మా దగ్గర దీనికి పేరు కూడా ఉంది, సిగ్గు ఫోటో అంటాం. ఇది చూశాక క్యాండిడ్ వద్దన్నవాళ్లు లేరు. వచ్చిన ప్రతి జంటా 'మాకూ ఆ సిగ్గు షాట్ కావాలి' అంటారు. అబ్బాయిని చెవిలో ఏదో ఒకటి చెప్పమంటాం, అమ్మాయి సిగ్గుపడుతుంది, తీసేస్తాం."

"చెప్పి చేయిస్తే అది క్యాండీ ఎలా అవుతుంది?" అంది వియ్యపురాలు. ఆవిడ అడిగింది సబబే. ఎవరూ పట్టించుకోలేదు.

"అప్పుడు చెవిలో ఏమన్నావు నాన్నా? చెప్పాలి, చెప్పాల్సిందే" అని మా అమ్మాయి వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఊపేసింది. మా ఆయన కాసేపు బెట్టు చేశాడు. తర్వాత ఫోటో వైపు తేరిపార చూసి, గొంతు సవరించుకుని, "ఏముంటుంది... ఇవాళ పెళ్లికూతురు నువ్వా, అదా అని అడిగుంటాను" అన్నాడు. అందరూ ఓహో అన్నారు. కాబోయే అల్లుడు, "మావయ్యా, మీరు సామాన్యులు కారు" అన్నాడు.

నేను మా ఆయన మొహం వైపే చూస్తున్నాను. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన గొంతు పెరుగుతుంది, ఇంత కాపురం చేశాక ఆ మాత్రం తెలియదా. అప్పుడు పెరగలేదు. అంటే మనిషి అబద్ధం చెప్పడం లేదు. మర్చిపోయాడు. పూర్తిగా మర్చిపోయి, ఫోటోలో ఏం కనబడుతోందో అదే జరిగిందని నమ్మేశాడు. నాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. అన్నవాడికే గుర్తులేని మాటని నేను ఇన్నాళ్లుగా ఒంటికి అంటించుకుని తిరుగుతున్నానా అని సిగ్గేసింది.

ఆ పెళ్లినాడు హాల్లో లిఫ్టు పనిచెయ్యలేదు. కింద వంట, పైన పెళ్లి. నీళ్ల క్యాన్లు పైకి ఎక్కించాల్సిన మనిషి రాలేదు. మా తోడికోడలు పెళ్లికూతురి తల్లి కాబట్టి కదలకూడదు, ఆడపడుచులు కొత్త బట్టలు కట్టేసుకున్నారు కాబట్టి వంగకూడదు, మగవాళ్లు గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్లని పలకరించాలి. మిగిలింది నేను. "నీది కష్టానికి అలవాటు పడ్డ ఒళ్లు, నీకేం" అన్నారు మా అత్తగారు, అప్పటికి ఆవిడ బాగానే తిరిగేవారు. క్యాన్లు మోశాను. పెళ్లికొడుకు తరఫువాళ్ల బట్టలు ఇస్త్రీ చేశాను. ఎవరి పిల్లాడో కక్కుకుంటే తుడిచాను. ఇంతలో "అందరూ ఫోటోకి రండి" అని కేక వినబడి, పరుగెత్తుకుంటూ వచ్చి మా ఆయన పక్కన నిలబడ్డాను. అప్పుడు నాకు సంతోషంగా ఉంది. ఇది చెప్పుకోవడానికే నాకు ఎక్కువ సిగ్గు. పొద్దుట్నుంచీ నేను చేసిందంతా ఈయన చూశాడనీ, ఒక మంచి మాట అంటాడనీ అనుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి వంగగానే నేనే చెవి అటు ఇచ్చాను. "చెమట కంపు కొడుతున్నావు. ఫోటోల్లో పడకు, వెనక్కి పో" అన్నాడు. చుట్టూ అంతమంది ఉన్నారు. వాళ్లలో ఎవరికీ తెలియకూడదని నవ్వాను. కళ్లు దించుకున్నది నా చంకల కింద తడి ఎంత దూరం పాకిందో చూసుకోవడానికి. ఆ తర్వాత వెనక్కి వెళ్లి కుర్చీల చాటున నిలబడ్డాను.

ఫోటోకి వాసన ఉండదు. నాకు మాత్రం ఆ రోజు నుంచీ నా వాసన తప్ప ఇంకోటి తెలియలేదు. ల్యాబుకి వెళ్లే ముందు ఒంటి మీద సెంటు గుమ్మరించుకునేదాన్ని. పక్క గదిలో పనిచేసేవాళ్లు నాకు సెంటుసీసా అని పేరు పెట్టారు. ల్యాబు డాక్టరు పిలిచి, "ఇక్కడికొచ్చేది జబ్బు మనుషులు, ఆ సెంటుకి కడుపులో తిప్పుతోందట, తగ్గించండి" అన్నాడు. తలుపు తీసే ఉంది, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ విన్నారు. సెంటు మానేసి, మోచేతులు ఒంటికి ఆనించుకుని పనిచెయ్యడం నేర్చుకున్నాను. రక్తం ఇవ్వడానికొచ్చిన ఒక పెద్దాయన చెయ్యి చాపి కూర్చుని, "ఏంటమ్మా, రెక్కలు కట్టేసిన కోడిలా అలా ముడుచుకుపోతావు? గుచ్చేది నువ్వు, భయం నాకుండాలి" అని నవ్వాడు. బస్సులో పై కడ్డీ పట్టుకోవడం మానేశాను. మా అమ్మాయి వెనక నుంచి వచ్చి వాటేసుకుంటే విదిలించుకునేదాన్ని. "అమ్మని ముట్టుకుంటే పడదు" అని అది కొన్నాళ్లు అలిగి, తర్వాత రావడమే మానేసింది. అది కూడా శుభ్రం పిచ్చి ఖాతాలోకే పోయింది.

ఆల్బమ్ పేజీలు తిరుగుతున్నాయి. ఒక్కో పెళ్లికీ ఒక సిగ్గు షాట్. అబ్బాయి వంగుతాడు, అమ్మాయి కళ్లు దించుకుంటుంది, పెదవి చివర నవ్వు. అందరూ నన్ను చూసి దిగినవాళ్లే. వీళ్లలో ఎంతమంది చెవుల్లో నిజంగా మంచి మాట పడిందో, ఎంతమందికి నాలాంటిది పడిందో నాకెలా తెలుస్తుంది? నా పెళ్లి ఫోటోలన్నీ నిలబెట్టి తీసినవే. గడ్డం పైకి, భుజాలు కిందికి, కొంచెం నవ్వమ్మా అని అప్పటి ఫోటోగ్రాఫర్ బతిమాలాడు. కట్టెల్లా ఉంటాం వాటిలో. అయినా ఆ మనిషి నన్ను అడిగి తీశాడు.

"ఇక తిరుగు లేదు, క్యాండిడే" అంది మా అమ్మాయి. "అన్నా, ఇంకో పని చేసిపెట్టాలి. అమ్మానాన్నల ఫోటో మనిషంత ఎత్తున వేయించి ఇవ్వగలరా? పెళ్లి రోజు హాలు గుమ్మం దగ్గర పెడతాను. వచ్చినవాళ్లందరూ ముందు దీన్నే చూడాలి."

"వద్దు" అన్నాను. "మనం కూడా నిలబెట్టి తీసేవే తీయించుకుందాం. వదినగారు చెప్పిందే బాగుంది."

"అలా చెప్పండి! ఈ గదిలో ఒక్కరికైనా బుద్ధుంది" అంది వియ్యపురాలు.

"నీకేం తెలుసే ఫోటోల సంగతి? నరం ఎక్కడుందో వెతుక్కో పో" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చూడండి, అలవాటు.

కాబోయే అల్లుడు నవ్వలేదు. అతను మర్యాదస్తుడు. ఇంటికొస్తే ముందు మా అత్తగారి మంచం దగ్గరికెళ్లి పలకరించి, ఆవిడ మందులు అయిపోయాయేమో చూసి కానీ హాల్లోకి రాడు. నాకు అతనంటే ఇష్టమే. "అత్తయ్యా, పోజు ఫోటోల్లో ప్రాణం ఉండదండీ. అంతా నటనే కదా" అన్నాడు మెల్లగా. నటనైతేనే నయం బాబూ, నటిస్తున్నారని చూసేవాళ్లకైనా తెలుస్తుంది అనాలనిపించింది.

"ఎందుకమ్మా వద్దంటావు? కారణం చెప్పు" అని మా అమ్మాయి నా పక్కన చేరింది.

"సిగ్గే" అన్నాను.

"అదే కదమ్మా దాని అందం!" అంది.

దాన్ని తప్పుపట్టేదేముంది? అది చెప్పిందీ, వియ్యపురాలు చెప్పిందీ, ఫోటోగ్రాఫర్ పెట్టిన పేరూ, అన్నీ సరైనవే. ఫోటోలో ఉన్నది సిగ్గే. చెప్పేస్తే పోయేది. కానీ మా ఆయన అన్న మాట చెప్పాలంటే, ముందు నేను కంపు కొట్టానని నా నోటితో నేనే అనాలి, అదీ వియ్యపురాలి ముందు. అలాంటి మాటలకున్న బలం అదే. అన్నవాళ్లు ఒకసారి అని వదిలేస్తారు. పడ్డవాళ్లు బయటపెట్టాలంటే తమని తాము మళ్లీ అనుకోవాలి. అందుకని ఊరుకున్నాను. పెళ్లి రోజు గుమ్మం దగ్గర ఆ ఫోటో పక్కన నిలబడి వచ్చేవాళ్లని ఎలా పలకరించాలా అని ఆలోచించాను. దాని ముందు ఒక పెద్ద పూలకుండీ పెట్టిస్తే నా మొహం వరకు కప్పుతుందా అని కూడా ఆలోచించాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

"ఓసారి ట్రయల్ చూద్దామా?" అంటూ ఫోటోగ్రాఫర్ పిల్లలిద్దర్నీ తెల్ల తెర ముందుకి తీసుకెళ్లాడు. "నేను లేననుకోండి. బాబూ, ఆమె చెవిలో ఏదన్నా చెప్పండి. మీకు ఏం తోస్తే అది."

కాబోయే అల్లుడు మా అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, వంగి, చెవిలో ఏదో అన్నాడు. మా అమ్మాయి కళ్లు దించుకుంది. పెదవి చివర చిన్నగా నవ్వింది. "అదీ! అదే సిగ్గు! కదలొద్దు" అని ఫోటోగ్రాఫర్ టకటకా తీసేశాడు.

"అచ్చం వాళ్లమ్మే" అంది వియ్యపురాలు.

అచ్చం నేనే. అందరూ దాని మొహం చూస్తున్నారు, నేను చేతులు చూశాను. చేతులు చూడటమే నా ఉద్యోగం. మా అమ్మాయి కుడి చెయ్యి వెళ్లి, ఎడమ వైపు మోచేతి దాకా మడిచి ఉన్న చొక్కా చేతిని విప్పి కిందికి లాగుతోంది. మోచేతి కింద దానికి అరచేతంత నల్లటి పుట్టుమచ్చ ఉంది. చిన్నప్పుడు ఆ మచ్చకి పెన్నుతో కళ్లూ మీసాలూ గీసి, నా ఎలుకపిల్ల అని బళ్లో అందరికీ చూపించుకునేది. పెద్దయ్యాక కూడా చొక్కా చేతులు పైకి మడుచుకునే తిరిగేది. దాచుకోవాల్సింది అక్కడ ఏదో ఉందని దానికెప్పుడూ తోచలేదు. ఇప్పుడు మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుంటోంది, నవ్వుతూనే.

ఆ నవ్వు దానికెక్కడిదని అడగక్కర్లేదు. ఇంట్లో చూసి నేర్చుకుంది. నేను కూర్చోబెట్టి చెప్పిన పాఠాలన్నీ మర్చిపోయింది కానీ, నేను చెప్పకుండా నేర్పినది మాత్రం బాగా వంటబట్టింది. లేచి దాని దగ్గరికి వెళ్లాను.

"ఏమన్నాడే?" అన్నాను.

"ఏం లేదమ్మా. ఏదో సరదాకి" అంది. నవ్వు ఇంకా అలాగే ఉంది.

"నన్నెవరైనా అడిగుంటే నేనూ అదే చెప్పేదాన్ని" అన్నాను. మొహమంతా మండిపోతోంది. "ఆ ఫోటోలో మీ నాన్న నాతో ఏమన్నారో విను. చెమట కంపు కొడుతున్నావు, ఫోటోల్లో పడకు, వెనక్కి పో అన్నారు. నిజమే, కొట్టాను. మీ పెదనాన్న కూతురి పెళ్లికి నీళ్లు మోసి మోసి కొట్టాను. ఎవరికీ తెలియకూడదని నవ్వాను. ఈ రోజుకీ రెండేసి స్నానాలు అందుకే. నువ్వొచ్చి వాటేసుకుంటే తోసేసింది కూడా అందుకే, నీకు వాసనొస్తుందేమోనని. నువ్వంటే పడక కాదు. ఇక నీ ఇష్టం. గుమ్మం దగ్గర పెట్టుకుంటే పెట్టుకో, తెలిసి పెట్టుకో."

ఫోటోగ్రాఫర్ కెమెరా కిందికి దించాడు. వియ్యపురాలు నా వైపు చూడకుండా ఆల్బమ్ అట్ట మూసేసింది. మా ఆయన గబగబా వచ్చాడు, అందరికీ కలిపి ఓ నవ్వు పారేసి, నా భుజం మీద చెయ్యి వేసి వంగాడు. అవతల నుంచి చూసేవాళ్లకి ముచ్చటగానే ఉండి ఉంటుంది. "పరువు తీస్తున్నావు. నోరు మూసుకుని ఇంటికి పద" అన్నాడు చెవిలో.

"పరువు తీస్తున్నానట" అన్నాను అందరికీ వినబడేలా. "నోరు మూసుకుని ఇంటికి పదమంటున్నారు."

ఆయన చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. నాకు సిగ్గు పోయిందని చెప్పను. ఇంకా ఎక్కువైంది. ఆ దీపాల వేడికి నాకు మళ్లీ చెమట పడుతోంది, తెలుస్తూనే ఉంది, వియ్యపురాలు పక్కనే ఉంది. కానీ ఈసారి నేను వెనక్కి వెళ్లలేదు.

మా అమ్మాయి నా వైపు చూడలేదు. దాని మొహంలో నవ్వు లేదు. మణికట్టు దగ్గర బొత్తాం మీద వేలు అలాగే ఉంచి, కాబోయే అల్లుడి వైపు తిరిగింది.

"మా అమ్మ చెప్పేసింది. ఇందాక నా చెవిలో ఏమన్నావో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది.